మాంట్రియల్ బాణసంచా పోటీకి అమ్మానాన్నలను తీసుకెళ్లాను: నా అనుభవం

రాత్రి ఒంటిగంట దాటింది. అమ్మానాన్న పడుకున్నారు. నాకు నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

ఇక్కడ, కెనడాలోని మాంట్రియల్‌లో, ఏటా వేసవిలో సెయింట్ లారెన్స్ నది మధ్య దీవిలో, లా రోండ్ పార్కులో బాణసంచా పోటీ జరుగుతుంది. 1985 నుంచీ నడుస్తోంది. ఒక్కో రాత్రి ఒక్కో దేశం వంతు. పదింటికి మొదలై అరగంట సాగుతుంది, అంతా సంగీతానికి తగ్గట్టే పేలుతుంది. గెలిచినవాళ్లకు జూపిటర్ అనే బహుమతులు బంగారు, వెండి, కంచు వరసలో ఇస్తారు. అమలాపురం నుంచి వచ్చిన నాన్నకు ఇది చూపించాలని నా కోరిక. మా చిన్నప్పుడు ప్రతి దీపావళికీ ఆయన సురేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను కొలిచి చిచ్చుబుడ్లు కూరేవారు. మా వీధిలో ఆయన చిచ్చుబుడ్డి అంత ఎత్తు ఎవరిదీ లేచేది కాదు.

మెట్రోలో వెళ్లడం తేలికే. బెర్రీ స్టేషన్లో పసుపు లైన్ ఎక్కితే తర్వాతి స్టేషనే జాన్ డ్రాపో, పార్కుకు అక్కడే దిగాలి.

గేటు దగ్గర స్కానర్ ఎర్రగా వెలిగింది. మూడు టికెట్లూ అంతే. "ఇవి ఇంతకుముందే వాడేశారు" అన్నాడు గేటు అబ్బాయి, ముందు ఫ్రెంచిలో, తర్వాత ఇంగ్లీషులో. ఫోన్ వెలుతురు పెంచి మళ్లీ చూపించాను. మళ్లీ ఎరుపే. వెనక లైనులో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. మమ్మల్ని పక్కన నిలబెట్టి లైన్ వదిలారు. ఒక్కొక్కరూ మా ముగ్గురినీ పైనుంచి కిందికి చూస్తూ లోపలికెళ్లారు. "ఏమంటున్నాడ్రా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నెమ్మదిగా అన్నారు: "మనం దొంగ టికెట్లు తెచ్చామనుకుంటున్నారేమో, పద నాన్నా." ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి నోట ఆ మాట విన్నాక నా చేతులు వణికాయి.

ఆ అబ్బాయి తప్పేం లేదు. తప్పంతా నేను కొన్న సైటుది, ఒకరి టికెట్లను ఇంకొకరికి తిరిగి అమ్మే సైటు అది. ఒకే టికెట్‌ను ఇద్దరికి అంటగట్టారు. చాట్‌లో అడిగితే "టికెట్ మీకు అందింది, మా బాధ్యత తీరింది" అన్నారు. ఇంటికి రాగానే బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, స్క్రీన్‌షాట్లన్నీ జతచేశాను. ఇరవై డాలర్లు తక్కువకు వస్తాయని అలాంటి చోట కొనకండి. పార్కు వాళ్ల దగ్గరే కొనండి. దొరక్కపోతే మానేయండి.

ఇంటికెళ్దామంది అమ్మ. నేను ఒప్పుకోలేదు. వెనక్కి బెర్రీకి వచ్చి, ఆకుపచ్చ లైనెక్కి వంతెన దగ్గరి పాపినో స్టేషన్లో దిగాం. పోటీ రాత్రుల్లో జాక్ కార్టియే వంతెన మీద కార్లు ఆపి జనాన్ని వదులుతారు. పైసా ఖర్చు లేదు. నడక మాత్రం ఎక్కువే, నదిగాలి చల్లగా కొడుతుంది. అమ్మకు శాలువా ఉండబట్టి సరిపోయింది. మీరు వెళ్తే స్వెటర్ మరిచిపోవద్దు.

పదింటికి మొదటి తార లేచింది. వెలుగు ముందు, చప్పుడు తర్వాత. పక్కన ఒక కుటుంబం ఫోన్లో రేడియో పెట్టి సంగీతం వింటూ, నాన్న చెవి ఒగ్గడం చూసి ఫోన్‌ను మావైపు జరిపింది. గేటు దగ్గర నుంచి ఒక్క మాటా మాట్లాడని నాన్న అప్పుడు నోరు విప్పారు. "ఎరుపుకు స్ట్రాన్షియం, ఆకుపచ్చకు బేరియం. అది ఎవడైనా చేస్తాడు. నీలం చూడు. రాగితో చెయ్యాలి, వేడి కాస్త ఎక్కువైతే రంగు వెలిసిపోతుంది. వీళ్లు నిలబెట్టారు!" చివరి నిమిషంలో ఆకాశమంతా బంగారు జల్లు కురిసి నదిలోకి జారుతుంటే అమ్మ చెయ్యి పట్టుకున్నారు. నేనెప్పుడూ చూడలేదు అలా.

తిరిగొచ్చేటప్పుడు పాపినో మెట్లు జనంతో నిండిపోయాయి. అక్కడ ఆగకుండా తర్వాతి స్టేషన్ ఫ్రొంటెనాక్ దాకా నడిచి రైలెక్కాం. దారంతా నాన్న ఆ నీలం గురించే చెప్పారు. వచ్చే పోటీ రాత్రి ఏ దేశానిదో చూసి పెట్టమన్నారు, వంతెన మీదికే.