కామినో దారిలో బ్యాగు బరువు దించుకోవడం

ఫ్రాన్స్ సరిహద్దు ఊరు సెయింట్ జాన్ పీ ద పోర్ నుంచి స్పెయిన్‌లోని శాంటియాగో దాకా కామినో ఫ్రాన్సెస్ దాదాపు 780 కిలోమీటర్ల క్రైస్తవ తీర్థయాత్ర కాలిబాట. మొదటి రోజే పిరనీస్ కొండలు దాటాలి. 170 మీటర్ల ఎత్తు నుంచి 1,430 మీటర్ల దాకా ఎక్కి రోన్సెస్వాయెస్‌కు దిగేసరికి సుమారు 25 కిలోమీటర్లు. ఏది అవసరానికి మోస్తున్నామో, ఏది భయంకొద్దీ మోస్తున్నామో భుజాలు ఆ ఎక్కుడులోనే తేల్చేస్తాయి.

బ్యాగు బరువు ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని ఈ దారిలో నడిచేవాళ్ల లెక్క. 60 కిలోల మనిషికి 6 కిలోలన్నమాట. లీటరు నీళ్లే కిలో కాబట్టి సామానుకు మిగిలేది 5. నేను చూసిన బ్యాగుల్లో చాలావాటికి ఈ లెక్క కుదరలేదు. బరువంతా "ఒకవేళ" కోసమే. ఒకవేళ చలేస్తే మూడో స్వెటర్, ఒకవేళ తోచకపోతే రెండో పుస్తకం.

సాయంత్రం బసలో బ్యాగంతా మంచం మీద గుమ్మరించి మూడు కుప్పలు చేయాలి. ఇవాళ వాడినవి ఒకటి. వానకీ, చలికీ, జబ్బుకీ ఉండి తీరాల్సినవి రెండోది. ఈ రెండింటిలోనూ పడనివి మూడోది. ఆ మూడో కుప్పలో దాదాపు ఎప్పుడూ ఒక జీన్స్ ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడే ముప్పావు కిలో దాకా తూగుతుంది. సాయంత్రం ఉతికితే తెల్లారేసరికి నడుం పట్టీ దగ్గర, జేబుల అడుగున తడి అలాగే ఉంటుంది. బ్యాగుకి వేలాడదీసుకుని నడిస్తే నీళ్ల బరువు కూడా మోసినట్టే. అయినా వదలడానికి చేతులు రావు, అది మనకి నప్పే బట్ట మరి.

మొదటి సాయంత్రమే పారేయాలనిపిస్తుంది, కానీ తొందరపడొద్దు. అలిసిన ఒళ్లు అన్నీ వద్దంటుంది. రెండు మూడు రోజులు నడిచి పాంప్లోనా నగరం చేరాక తేల్చుకుంటే మంచిది. పనికొచ్చేవి అక్కడి పోస్టాఫీసు నుంచి శాంటియాగోకి పార్శిల్ చేయొచ్చు. చాలా బసల్లో అక్కర్లేనివి వదిలే పెట్టె ఒకటి ఉంటుంది, ఇంకొకరికి పనికొచ్చేది మాత్రమే అందులో వేయాలి. ఎండ చూసి ఉన్న ఒక్క వెచ్చటి చొక్కానీ, రెయిన్‌కోటునీ వదిలేసినవాళ్లు తర్వాత 1,300 మీటర్ల ఎత్తున్న ఓ సెబ్రెయిరో అనే కొండ ఊళ్లో వణుకుతారు. బ్యాగుని రోజూ వ్యానులో తర్వాతి ఊరికి పంపే సదుపాయమూ ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది వరమే. తక్కినవాళ్లకి మాత్రం వదలాల్సినదాన్ని వాయిదా వేయడమే అనిపించింది.

సామాను కంటే వదలడం కష్టమైనది ప్లాను. గైడు పుస్తకాలు దారిని 30కి పైగా మజిలీలుగా విడగొడతాయి. ఆ మజిలీ అందుకోవాలన్న పట్టుదలతోనే పాదాలు పాడవుతాయి. మడమ దగ్గర చురుక్కుమన్న క్షణానే ఆగి, బూటు విప్పి, చెమట ఆరనిచ్చి, టేపు వేస్తే బొబ్బ రాదు. "ఇంకో నాలుగు కిలోమీటర్లేగా" అని లాగిస్తే బొబ్బ లేస్తుంది, దాన్ని తప్పించి కుంటితే రెండో మోకాలు పట్టేస్తుంది. ఒక ఊరు ముందే ఆగిపోవడం నేర్చుకున్నవాళ్లే చివరిదాకా హాయిగా నడుస్తారు.

ఫోన్సెబడోన్ అనే ఊరు దాటాక, సుమారు 1,500 మీటర్ల ఎత్తులో క్రూజ్ దె ఫెర్రో వస్తుంది. పొడవాటి కొయ్య స్తంభం, కొసన ఇనుప శిలువ, చుట్టూ గులకరాళ్ల గుట్ట. ఇంటి నుంచి తెచ్చిన రాయిని, దానితోపాటు మనసులో మోస్తున్న బరువునీ అక్కడ దించడం ఆనవాయితీ. గుప్పిట్లో ఇమిడే రాయి చాలు. అక్కడికక్కడ ఏరిన రాయి వేస్తే అన్నాళ్లు మోసిన అర్థమే ఉండదు. ప్లాస్టిక్, బట్టలు, లామినేట్ చేసిన ఫొటోలు పెట్టకండి, వాటిని మళ్లీ ఎవరో ఒకరు ఏరాల్సిందే.

రాయి దించాక వచ్చే దిగుడే గట్టిది. మోలినసెకా ఊరి దాకా దాదాపు 900 మీటర్లు దిగాలి, చాలాచోట్ల పలకరాళ్ల మీద. చేతికర్రల్ని కాస్త పొడవు పెంచి, అడుగులు చిన్నవి చేసి, మోకాళ్లు కొద్దిగా వంచి దిగాలి. పాంప్లోనాలో తగ్గించుకున్న ప్రతి కిలో ఇక్కడ మోకాళ్లకి తెలుస్తుంది.