ఆ కుక్కను నాయన ఎందుకు వద్దన్నాడు

2005లో వచ్చిన మంగోలియా సినిమా 'ది కేవ్ ఆఫ్ ద యెల్లో డాగ్' చూస్తే అందులోని పాప నాన్సల్ వాళ్ల నాయన మీద కోపం రావచ్చు. పొయ్యిలోకి పేడ ఏరుకురమ్మని పంపితే ఆ పాప గుహలో దొరికిన కుక్కను వెంటబెట్టుకొస్తుంది. ఆయన వద్దంటాడు. అప్పటికే తోడేళ్లు గొర్రెల్ని చంపాయి. ఈ కుక్క తోడేళ్లతో తిరిగినదైతే, వాసన పట్టుకుని అవి మందదాకా వస్తాయని ఆయన భయం.

అది కఠినత్వం కాదు. పలమనేరు, కుప్పం వైపు జీవాలు కాసేవాళ్ల పిలకాయ వీధికుక్కను తెచ్చినా ఇంట్లో ముందు భయమే పుట్టాలి. ఇక్కడ భయం తోడేలు గురించి కాదు, బద్దెపురుగు గురించి. కుక్క పేగుల్లోని ఈ పురుగు గుడ్లు పెంటతో గడ్డిమీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో నీటితిత్తి పెరుగుతుంది. గొర్రె తల వంచి ఒకే పక్కకు గుండ్రంగా తిరుగుతుంది, మందకు వెనకబడుతుంది. చచ్చాక ఆ తలకాయను కుక్కకు వేస్తే కథ మళ్లీ మొదలు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. తలను లోతుగా పూడ్చాలి, లేదా కాల్చెయ్యాలి.

అట్లని కుక్కను తరిమెయ్యక్కర్లేదు. పశువుల డాక్టరుకు చూపించి బద్దెపురుగు మందు ప్రాజిక్వాంటెల్ వేయించండి: 10 కిలోల బరువుకు 50 మిల్లీగ్రాములు, మూడు నెలలకోసారి. మందు వేశాక రెండు మూడు రోజులు దొడ్డికి దూరంగా కట్టేసి, పెంట పూడ్చండి. రేబీస్ టీకా కుక్కపిల్లకు మూడు నెలల వయసులో, తర్వాత ఏటా. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని కుక్కకైతే వెంటనే. కానీ టీకా పడినంత మాత్రాన అప్పటికే రోగం సోకలేదని కాదు. బిడ్డను కరిచినా, గీరినా సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సినిమాలో నాకు బాగా నచ్చింది గుడారం విప్పే ఘట్టం. పైనున్న ఊలు దుప్పట్లు ఒలుస్తారు, కప్పు కర్రలు దించుతారు, అల్లిక గోడల్ని మడిచేస్తారు, ఇల్లంతా బళ్లమీదికి ఎక్కుతుంది. మంద కట్టడానికి ఊరూరా తిరిగేవాళ్లకు ఈ హడావిడి కొత్త కాదు. ఆ సందట్లోనే నాన్సల్ చంటి తమ్ముడు వెనకబడిపోతాడు, కుక్క గుంజకు కట్టేసి ఉంటుంది. రాబందులు చుట్టుముడుతుంటే తాడు తెంపుకుని వాడి దగ్గరికి ఉరికేది అదే. వెనక్కి గుర్రం పరిగెత్తించుకొచ్చిన నాయన, ఈసారి కుక్కనూ వెంట తీసుకుపోతాడు.