మాస్టారి నోటుబుక్కులో ఒక నంబరు

ఆదివారం. పొద్దున్నే కాలువకు నీళ్లొచ్చాయి. ధవళేశ్వరంలో వదిలారని మొన్ననే విన్నాం, పాలకొల్లు దాటి మా ఊరి దాకా రావడానికి ఇవాళయింది. గట్టు మీద నిలబడి గుర్రపుడెక్క కొట్టుకుపోవడం చూస్తుంటే వెనక నుంచి మాస్టారి గొంతు. "ఏమయ్యా, మన రాష్ట్రం బాగుపడిందా?"

ఆయన అడిగింది మేం ఐదుగురం కలిసి చేస్తున్న తెలుగు ఫాంటులో, అంటే కంప్యూటర్ అక్షరాల్లో, 'రాష్ట్రం' అనే మాట గురించి. మామూలుగా బాగానే ఉంటుంది. బోల్డ్ (లావు అక్షరాలు) పెడితే మాత్రం ష కింద ట వత్తూ, ర వత్తూ ఒకదాని మీద ఒకటి ఎక్కి సిరా మరకలా అచ్చవుతుంది. ఈ మాట ఆయన చెప్పడం ఇది మూడోసారి. రెండుసార్లూ ఫోన్ గ్రూపులో పెట్టారు. ఆ పైన వచ్చిన పండగ శుభాకాంక్షల కింద అది ఎక్కడో కూరుకుపోయింది. నాకు చాలా సిగ్గేసింది.

"కరెంటు పోయిందని ఫోన్ చేస్తేనే ఫిర్యాదు నంబరు ఇస్తారు కదా. మీరూ ఒకటి ఇవ్వండి. అది పట్టుకుని అడుగుతాను" అన్నారు. తర్వాత సంచిలోంచి చేతి నోటుబుక్కు తీసి చూపించారు. గీత గీసి రాసుకున్నారు: ఏ తేదీ, ఏ మాట టైపు చేశారు, ఎలా రావాలి, ఎలా వచ్చింది, ఏ ప్రింటరు. బగ్ రిపోర్టులో, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పు గురించి రాసి పంపే ఫిర్యాదులో, ఏముండాలని మేము జనానికి చెబుతూ ఉంటామో అదంతా ఆ పేజీలో ఉంది. పెట్టడానికి చోటు లేకుండా చేసింది మేమే.

ఫిర్యాదులు రాసుకుని నంబరిచ్చే ట్రాకర్ ఏది పెట్టాలో తేల్చడానికి మధ్యాహ్నం అన్నాలయ్యాక ఐదుగురం కాల్‌లో కూర్చున్నాం. అందరం వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే, నాది రొయ్యల మేత కొట్లో లెక్కలు. రాజమండ్రి తమ్ముడు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు అన్నాడు: మా కోడ్ అక్కడే ఉంది, ఖర్చు లేదు, చూసుకునే పనీ లేదు. నిజమే. కానీ అక్కడ రాయాలంటే ఖాతా తెరవాలి. మాస్టారు ఇంగ్లీషు ఫారం నింపి, ఈమెయిల్‌కొచ్చిన కోడ్ కొట్టి, ఆ తర్వాత వత్తు గురించి చెప్పాలా? తప్పు కనిపెట్టినవాడికి గడప ఎత్తు పెంచితే తప్పులు తగ్గవు, చెప్పేవాళ్లు తగ్గుతారు. ఈ ఒక్క విషయంలో నేను పట్టు విడవలేదు.

హైదరాబాద్ అక్క బగ్‌జిల్లా అనే ట్రాకర్ అంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా కోసం 1998లో పుట్టి ఇప్పటికీ నడుస్తోందంటే దాని గట్టిదనం మీద నాకు గౌరవమే. అయితే అది పెర్ల్ భాషలో రాసింది, మా చవక హోస్టింగ్‌లో ఉన్నది పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేసు మాత్రమే. రెడ్‌మైన్ అనే ఇంకో ట్రాకర్‌కు రూబీ భాష కావాలి. అలా వడపోయగా పీహెచ్‌పీలోనే రాసిన మాంటిస్ మిగిలింది. ఖాతా లేనివాళ్లు కూడా రాసేలా అందులో సెట్ చేసుకోవచ్చు. స్పామ్ వస్తుందని అక్కకు టెన్షన్. వస్తే రోజూ నేను ఏరేస్తానని ఒప్పుకున్నాను.

రేపు ఇదీ వద్దనుకుంటే? ఈ ప్రశ్న మీదే ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. వికీపీడియా నడిపే వికీమీడియా వాళ్లు 2014లో బగ్‌జిల్లా వదిలి ఫాబ్రికేటర్ అనే ఇంకోదానికి మారారు, ఆ ఫాబ్రికేటర్ అభివృద్ధి 2021లో ఆగిపోయింది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాళ్లు కూడా ఏళ్ల తరబడి వాడిన సొంత ట్రాకర్ నుంచి 2022లో గిట్‌హబ్‌కు వెళ్లారు. అంత పెద్దవాళ్లకే ఇల్లు మారక తప్పనప్పుడు మేమెంత? అందుకే మాంటిస్ డేటాబేసు మొత్తం వారానికోసారి దించి రెండుచోట్ల దాచాలని రాసుకున్నాం. ఇందులో మాత్రం ఎవరూ వాదించలేదు.

సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. మధ్యలో కరెంటు పోయింది, ఫోన్ హాట్‌స్పాట్ మీద పూర్తి చేశాను. ఫారంలో తీవ్రత, ప్రాధాన్యం లాంటి గళ్లు చాలావరకు తీసేశాను. మాస్టారి పుస్తకంలో ఉన్న ఐదే ఉంచాను, అదే వరసలో.

చీకటి పడుతుండగా వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని నా ఫోన్‌లో ఆయనే టైపు చేశారు, ఒక్కో అక్షరం చూసుకుంటూ. పంపగానే తెర మీద నంబరొచ్చింది: 0000001. కళ్లజోడు సర్దుకుని, నోటుబుక్కు తెరిచి, 'రాష్ట్రం' పక్కన ఏడంకెలూ వరసగా రాసుకున్నారు.

"ఇంక ఇందులో పద్నాలుగు ఉన్నాయి, ఉండు" అని పేజీ తిప్పారు.