ముత్తాత ఊరికి సర్వే నంబరుతో

హన్మకొండలో ఎక్కిన పర్కాల బస్సు గూడెప్పాడ్ క్రాస్ దగ్గర ములుగు రోడ్డు విడిచి ఎడమకు మళ్లుతుంది. పర్కాలలో దిగి ఆటో పట్టుకుంటే మా ముత్తాత పల్లె. నిజాం కాలంలో ఆయన మాలిపటేల్‌గిరీ, అంటే ఊరి శిస్తు వసూలు చేసే పటేల్ పని, చేశాడని ఇంట్లో మాట. అందులో నిజమెంత, ఏ భూమి దున్నాడు, పాలివాళ్లు (దాయాదులు) ఎవరు అన్నది తేల్చుకోవడానికే ఈ ప్రయాణం.

చాలామంది ఇలాంటి పనికి పేరు పట్టుకొని బయల్దేరతారు. మన ఊళ్లలో పేరుతో పని కాదు. తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి రాజయ్య కొడుకు మల్లయ్య, ఆ మల్లయ్య కొడుకు మళ్లీ రాజయ్య. పాత దస్త్రంలో ఇంటిపేరు చాలాచోట్ల ఉండదు, ‘మల్లయ్య వల్ద్ రాజయ్య’ అని తండ్రి పేరుతో సరి. అందుకే ముందు ఇంట్లో ఉన్న పట్టా పాసుపుస్తకం తీసి సర్వే నంబరు రాసుకోవాలి. 214/అ/1 అని ఉంటే బై నంబర్లు వదిలేసి 214 పట్టుకోవాలి. భూమి ఎన్ని ముక్కలైనా మూల నంబరు చాలావరకు అదే ఉంటుంది, ఎవరి తర్వాత ఎవరి పేరు ఎక్కిందో దాని వెంటే తెలుస్తుంది.

మొదట చూడాల్సింది 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో రాసిన రిజిస్టరు. పట్టాదారు, కబ్జాలో ఉన్నవాడు, తరి (నీటి సాగు), ఖుష్కి (మెట్ట), నీటి వసతి అన్నీ అందులో వేర్వేరు గడుల్లో ఉంటాయి. పట్టాదారు గడిలో మనవాళ్ల పేరు లేదని పుస్తకం మూయొద్దు, కబ్జా గడి చూడాలి. కౌలుకు దున్నినవాళ్ల పేర్లుండేది అక్కడే. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుగా ఎక్కి ఉంటే ఆ రిజిస్టరు వేరు, దాన్నీ అడగాలి. ఖాస్రా నుంచి వెనక్కి పోతే వసూల్ బాకీ (శిస్తు పద్దు), ఫైసల్ పట్టీ (పట్టా మార్పుల పద్దు), అన్నిటికీ మూలం సేత్వార్ (మొదటి సర్వే రిజిస్టరు). ముందుకు వస్తే చెస్సల పహాణీ (మూడేళ్లకు కలిపి రాసింది), ఆపైన ఏటేటి పహాణీలు.

వెనక్కి పోయినకొద్దీ ఉర్దూ. మా వెంట వచ్చిన పెద్దమనిషి ఉర్దూ మీడియంలో చదివినాయన కాబట్టి గట్టెక్కాం. ఉర్దూ అంకెల్లో 2కూ 3కూ తేడా ఒక చిన్న వంపే, చెదలు తిన్న కాగితంలో అది ముందు పోతుంది. సున్నా అంటే చుక్క. సిరా చుక్క పడిన చోట 21 కాస్తా 210 అవుతుంది. అనుమానమొస్తే పైనా కిందా వరసలు చూసి, నంబర్లు క్రమంలో నడుస్తున్నాయో లేదో సరిపోల్చాలి. ఐలయ్య, ఎల్లయ్య ఆ లిపిలో ఒక్కోసారి ఒకటేలా కనిపిస్తాయి. విస్తీర్ణం 2-15 అని ఉంటే రెండెకరాల పదిహేను గుంటలు. నలభై గుంటలు ఎకరం కదా, దాన్ని 2.15 అని లెక్కేసి భాగాలు తేలడం లేదని కొట్లాడుకున్న అన్నదమ్ములు ఉన్నారు.

సంవత్సరాలు ఫసలీలో, అంటే నిజాం సర్కారు శిస్తు లెక్కల సంవత్సరంలో, ఉంటాయి. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం. అప్పట్లో హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కనుక జనవరి తర్వాతి తారీఖుకు 591 కలపాలి. 1358 ఫసలీ అంటే 1948 అక్టోబరు నుంచి. పోలీసు చర్య అయిన వెంటనే వచ్చిన ఏడాది అది.

ఈ కాగితాలు ఎక్కడుంటాయన్నది పెద్ద తిప్పట. పర్కాల తాలూకా ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది, తర్వాత వరంగల్‌కు వచ్చింది. 1985లో మండలాలు, 2016లో కొత్త జిల్లాలు. ప్రతి విభజనకూ బీరువాలు కదిలాయి, కొన్ని కదలలేదు. ఇప్పటి మండల తహసీల్ ఆఫీసులో లేదంటే పాత తాలూకా కేంద్రంలో అడగాలి. సేత్వార్, గ్రామ నక్ష (పటం), టిప్పన్ల (పొలం కొలతల కాగితాలు) కోసం జిల్లా సర్వే ల్యాండ్ రికార్డ్స్ ఆఫీసు. ‘లేదు’ అని నోటిమాటతో పంపిస్తే సమాచార హక్కు దరఖాస్తు పెట్టడమే మేలు. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జిల్లాలో 10, నకలు పేజీకి 2. దరఖాస్తులో ‘మా తాతల భూమి వివరాలు’ అని రాస్తే తిరిగొస్తుంది. ఊరు, సర్వే నంబరు, సంవత్సరం, రికార్డు పేరు నాలుగూ రాయాలి.

పటేల్‌గిరీ సంగతి తేలింది ఆఫీసులో కాదు, ఊళ్లో. పాలివాళ్ల ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ, ‘‘ఎవలోల్లు బిడ్డా మీరు?’’ అని అడిగి, ఇంటిపేరు చెప్పగానే లోపల్నుంచి ఇనుప సందుగ తెప్పించింది. అందులో శిస్తు కట్టిన పావతులు (రసీదులు), దారం గుచ్చి కట్టినవి. మడతల దగ్గర చిరిగినా సంతకాలు నిలిచాయి. ముత్తాత సంతకం కింద ‘గుమాస్తా మాలిపటేల్’ అని ఉంది. అంటే వతన్ (ఆ పదవి మీద వంశపారంపర్య హక్కు) వేరేవాళ్ల పేరున ఉంది, పని చేసింది ఈయన. అప్పట్లో ఇది మామూలే. వతన్‌దారు పట్నంలో ఉండి గుమాస్తాను పెట్టేవాడు. పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయ్యేదాకా ఊళ్లో ఎవరు ఏ పని చేశారో చెప్పేవి ఇలాంటి పావతులు, పంచనామాల కింది సంతకాలే. శిస్తు వసూలు మాలిపటేల్‌ది, చావుపుట్టుకల పట్టిక పోలీసు పటేల్‌ది, లెక్కలు పట్వారీవి. ఏ కాగితం మీద ఎవరి సంతకం ఉండాలో తెలిస్తే సగం పని అయినట్టే.

ఆడవాళ్లు ఈ దస్త్రాల్లో దాదాపు కనిపించరు. భర్త పోయి పట్టా తన పేరున మారినప్పుడే ‘జౌజె’ (భార్య) ఫలానా అని ఒక వరస. వాళ్ల సంగతి తెలియాలంటే ఊరి ఆడబిడ్డలను అడగాలి. బొడ్రాయి పండుగకు ఊరంతా ఆడబిడ్డలను పిలుచుకుంటుంది, అంతమంది ఒక్కచోట మళ్లీ దొరకరు. పుట్టింటి ఇంటిపేర్లు, మేనరికాలు వాళ్లకు కంఠతా వచ్చు. కులగోత్రాలు చెప్పే ఆశ్రిత కులాలవాళ్లూ ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు. వాళ్లు చెప్పే వరసలో గోత్రం, ఇంటిపేరు నమ్మొచ్చు, తరాల లెక్క మాత్రం కాగితంతో పోల్చుకోవాలి.

చావు తేదీకి పెత్తరమాస, అంటే పెద్దల అమావాస్య, పనికొస్తుంది. ఆ రోజు బియ్యం ఇచ్చేటప్పుడు మూడు తరాల పేర్లు చెప్పే పెద్ద ప్రతి ఇంట్లో ఉంటాడు. తద్దినం పెట్టే ఇళ్లలో తిథి కూడా తెలుస్తుంది. తిథి, సంవత్సరం రెండూ ఉంటే పాత పంచాంగంలో తారీఖు దొరుకుతుంది. సంవత్సరం కోసం ఫైసల్ పట్టీలో విరాసత్ (వారసుల పేరున పట్టా మార్పు) ఎప్పుడైందో చూడాలి. అయితే అన్నదమ్ములు కలిసున్న ఇళ్లలో తండ్రి పోయాక ఏళ్ల తరబడి పట్టా మార్చుకోలేదు. కాబట్టి ఆ ఏడాదికి ముందే పోయాడని మాత్రం రాసుకోవాలి, అదే ఏడాది అని కాదు.