మియాటా కొనేముందు కింద పడుకుని చూడండి

నాలుగు నెలలుగా నా శనివారాలన్నీ పాత మియాటాలు చూడటానికే సరిపోయాయి. ఎడిసన్‌లో పొద్దున్నే బయల్దేరి ఒకసారి పెన్సిల్వేనియా, ఇంకోసారి ఇక్కడే న్యూజెర్సీలో ఒక డీలర్ దగ్గరికి, చివరికి వర్జీనియా దాకా వెళ్లాను. మూడు కార్లు చూశాను, మూడోది కొన్నాను. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనాలని ఉన్నవాళ్లు ఈమధ్య ముగ్గురు నలుగురు ఫోన్ చేసి అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ రాస్తే మేలనిపించింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాజ్డా ఎంఎక్స్-5నే అమెరికాలో మియాటా అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి జనానికి చూపించారు, 2016లో పది లక్షలవ కారు తయారైంది. రెండే సీట్లు, చేత్తోనే వెనక్కి మడిచేసే గుడ్డ టాపు, ముందు ఇంజిన్, పవర్ వెళ్లేది వెనక చక్రాలకి. నాకు కావాల్సింది రెండో తరం, అంటే ఇక్కడ 1999 నుంచి 2005 దాకా అమ్మినది. అందులో 2001 తర్వాతి 1.8 లీటర్ల ఇంజిన్‌కి 142 హార్స్‌పవర్. ఇవాళ మామూలు ఫ్యామిలీ కార్లకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది నిజమే, కానీ ఈ కారు బరువు 1,100 కిలోల లోపు. మలుపులో స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ తేడా ఏంటో మన చేతులకే తెలుస్తుంది. మన దేశంలో మాజ్డా ఈ కారు అమ్మనే లేదు, అందుకే నాకు ఇక్కడికి వచ్చాకే దీని గురించి తెలిసింది, తెలిసిన రోజు నుంచీ కావాలనే ఉంది.

పాత స్పోర్ట్స్ కారు అనగానే అందరూ ముందు బానెట్ ఎత్తుతారు. నేనూ అలాగే చేసేవాణ్ణి. నాతో వచ్చిన ఫ్రెండ్ బందరువాడు, పాత కార్లు బాగు చేసుకోవడం వాడికి ప్రాణం. మొదటి కారు దగ్గరే నన్ను ఆపాడు. "బావా, ఇంజిన్ సంగతి తర్వాత. ముందు కింద పడుకో" అన్నాడు. నేను ఈ పోస్టులో చెప్పాలనుకున్నది అదే. మియాటా ఇంజిన్ గట్టిది, ఒకవేళ పోయినా ఇంకోటి దొరుకుతుంది, రెండు మూడు రోజుల పని. తుప్పు పట్టిన బాడీని మాత్రం కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, రంగు వేయించేసరికి కారు ఖరీదు దాటిపోతుంది.

మొదటి కారు ఎర్రది, 2002 మోడల్, పెన్సిల్వేనియాలో ఒక పెద్దాయనది. ఫోటోల్లో చూసి నాకు నిద్ర పట్టలేదు. దగ్గరికెళ్లి చూసినా అద్దంలా మెరుస్తోంది. మా వాడు కారు చుట్టూ తిరక్కుండా నేరుగా సీట్ల వెనక్కి వెళ్లి, టాపు సగం ఎత్తి, నా చేతిలో ఉన్న నీళ్ల సీసా అడిగాడు. ఈ కారు టాపు మీద పడిన వాన నీళ్లు సీట్ల వెనక రెండు వైపులా ఉన్న చిన్న కన్నాల్లోకి దిగి, గొట్టాల గుండా వెనక చక్రం ముందు నుంచి కింద పడిపోవాలి. ఆ కన్నాల్లో ఆకులు, చెత్త చేరితే నీళ్లకి దారి ఉండదు, అక్కడే నిలిచి తలుపు కిందుండే పొడుగాటి రేకు లోపలికి చేరతాయి. దానికి తోడు ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. లోపల్నుంచి వాన నీళ్లు, బయట్నుంచి ఉప్పు. ఇంక ఆ రేకు ఎన్నాళ్లు ఆగుతుంది?

మావాడు సీసాలో నీళ్లు కొంచెం కొంచెంగా పోశాడు. నేను వెనక చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూస్తున్నాను. ఒక్క చుక్క రాలేదు. పైన నీళ్లు కన్నం దగ్గర చిన్న గుంటలా నిలబడ్డాయి. అప్పుడు చక్రానికి ముందు, తలుపు కింది రేకు మీద బొటనవేలితో నొక్కాను. రంగు కింద అప్పడం విరిగినట్టు చప్పుడైంది. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం పెడితే పైన అతుక్కుంది, కింద నాలుగు వేళ్ల మేర అతుక్కోకుండా జారిపోయింది. అక్కడ ఉన్నది రేకు కాదు, పుట్టీ. పుట్టీ పెట్టి పైన రంగు కొట్టించారు, అందుకే ఆ మెరుపు. సీట్ల వెనక కార్పెట్ మీద చెయ్యి పెడితే తడి గుడ్డలా ఉంది, ముక్కిపోయిన వాసన.

ఇక్కడ మనవాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. మనకి మొహమాటం ఎక్కువ. ఆ పెద్దాయన మాకు కాఫీ ఇచ్చాడు, వాళ్లావిడ కుకీలు తెచ్చి పెట్టింది, గంటసేపు ఎంతో ప్రేమగా మాట్లాడారు. అలాంటి మనిషి ఎదురుగా ఆయన కారు కింద దూరి వేళ్లతో గీకడం నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనుకోను, ఆయన కొన్నప్పుడే అలా ఉండి ఉండొచ్చు. కానీ ఆ మొహమాటానికి పోయి ఉంటే 6,500 డాలర్లు అక్కడ పెట్టి వచ్చేవాణ్ణి. అప్పట్నుంచి ఫోన్‌లోనే ముందుగా చెప్పేస్తున్నాను: "కారు కింద పడుకుని చూస్తాను, నీళ్లు పోసి చూస్తాను, మీకు అభ్యంతరం లేకపోతేనే వస్తాను" అని. ఒకాయన వద్దన్నాడు. వెళ్లడం మానేశాను.

రెండోది హైవే పక్కన చిన్న డీలర్ దగ్గర, పేరెందుకులెండి. నీళ్లు పోస్తే దిగాయి, తుప్పు లేదు, కారు పాత యాక్సిడెంట్ల సంగతి చెప్పే రిపోర్టు కూడా క్లీన్. అక్కడ పట్టించింది స్టిక్కర్లు. ఈ తరం మియాటాల్లో బానెట్, ముందు రెండు ఫెండర్లు, తలుపులు, డిక్కీ మూత లాంటి వాటి మీద ఫ్యాక్టరీలోనే కారు విన్ నంబర్, అంటే ఒక్కో కారుకి విడిగా ఉండే గుర్తింపు నంబర్, ఉన్న చిన్న స్టిక్కర్లు అంటిస్తారు. డాష్‌బోర్డు మీద నంబరూ వీటి మీద నంబరూ ఒకటే అయి ఉండాలి. ఈ కారుకి కుడి ఫెండర్ మీదా బానెట్ మీదా స్టిక్కర్ లేదు, మిగతా అన్నిటి మీదా ఉంది. ఫెండర్ బోల్టుల తలల మీద స్పానర్ పడి రంగు లేచిపోయింది. ఎడమ హెడ్‌లైట్ పక్కన సందు సన్నగా, కుడి పక్కన వేలు దూరేంత. కుడి మూల గట్టిగా దెబ్బ తగిలిందన్నమాట. అడిగితే డీలర్ రిపోర్టు చూపించి "ఏ యాక్సిడెంటూ లేదు" అన్నాడు. రిపోర్టులో ఇన్సూరెన్సుకో పోలీసులకో చెప్పినవే ఉంటాయి, చేతి డబ్బు పెట్టి బాగు చేయించుకున్నది అందులో ఎలా కనిపిస్తుంది? రిపోర్టు తీసుకోండి, నేనూ తీసుకున్నాను, కానీ అది చూసి కారు చూడటం మానేయకండి.

ఇంకో సంగతి, మేం వెళ్లేసరికే ఆ కారు ఇంజిన్ వేడిగా ఉంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసినప్పుడే అసలు జబ్బులు బయటపడతాయి: బ్యాటరీ నీరసం, టకటకలు, పొగ, కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వేగం ఊగడం. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరులోకి వేస్తే గరగరమంటుందేమో కూడా చూడాలి, గేరు సాఫీగా పడేలా చూసే సింక్రో అరిగితే ముందు అక్కడే తెలుస్తుంది. వేడెక్కాక చాలావరకు సర్దుకుంటాయి, మనకేమీ తెలియదు. అందుకే ఇప్పుడు వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెడతాను.

మూడోది వర్జీనియాలో, 2003 మోడల్, నీలం రంగు, 78,000 మైళ్లు. రిటైరైన టీచరుది. ఆవిడ కారు అప్పటిదాకా స్టార్ట్ చేయకుండా ఉంచింది, చెయ్యి పెడితే బానెట్ చల్లగా ఉంది. ఒక ఫైలు తెచ్చి నా చేతికిచ్చింది. ఆయిల్ మార్చిన ప్రతి రసీదూ తేదీల వారీగా. టైమింగ్ బెల్టు 60,000 మైళ్లకి మార్చాలి, ఈవిడ 61,000 దగ్గర వాటర్ పంపుతో కలిపి మార్పించింది. ఆ ఒక్క రసీదు చూసి నాకు సగం టెన్షన్ తగ్గింది. నీళ్లు పోస్తే రెండు పక్కలా ధారగా దిగాయి. డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ తీసి చూశాం, పొడిగానే ఉంది. ఈ కారుకి బ్యాటరీ కూడా డిక్కీలోనే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న రేకు కూడా చూసుకోండి. కింద ఛాసిస్ పట్టీ ఒకచోట నొక్కుకుపోయింది, ఎవరో జాకీ పెట్టకూడని చోట పెట్టారు. చాలా మియాటాలకి ఉండేదే, పగుళ్లు లేకపోతే భయపడక్కర్లేదు.

తప్పులు లేవని కాదు. క్లచ్ పెడల్ కాస్త మెత్తగా ఉంది, కింద గేర్‌బాక్స్ పక్కన, పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ని కదిలించే స్లేవ్ సిలిండర్ చెమ్మగా కనిపించింది. ఈ కార్లలో అది మామూలే, చవక సామాను. టైర్ల మీద గాడి బాగా ఉంది, కానీ పక్కన రాసి ఉన్న నాలుగంకెలు 2214, అంటే 2014లో 22వ వారంలో తయారైనవి. గాడి ఎంతున్నా ఆ వయసుకి రబ్బరు గట్టిపడిపోతుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. ఇలాంటి కారులో టైర్ల దగ్గర లోభం పనికిరాదు. ఆ మాటే ఆవిడతో చెబితే నాలుగు టైర్ల డబ్బు తగ్గించింది.

అయినా అక్కడే డబ్బు ఇవ్వలేదు. ఊళ్లో ఆవిడకి సంబంధం లేని మెకానిక్‌ని మేమే వెతికి, లిఫ్ట్ మీద పెట్టించి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల ఎంత ఒత్తిడి వస్తోందో, చూపించాం. అంకె ఎంతన్నదానికంటే నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. దగ్గరగానే వచ్చాయి. దానికి 150 డాలర్లు తీసుకున్నాడు. మొదటి రెండు కార్లకీ పెట్రోలూ టోలూ కలిపి అంతకన్నా ఎక్కువే అయ్యాయి. టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, మీద పేరూ ఆవిడ లైసెన్సు మీద పేరూ ఒకటేనా, లోన్ ఏమైనా ఉందా చూసుకుని సంతకాలు పెట్టించుకున్నాను.

ఇంటికి తెచ్చి రెండు వారాలైంది. టైర్లు మార్పించాను, స్లేవ్ సిలిండర్ మా వాడూ నేనూ కలిసి ఒక ఆదివారం మధ్యాహ్నం వేసేశాం. మొన్న మంగళవారం రాత్రంతా కుండపోత వాన. కారు బయటే ఉంది. తెల్లారగానే చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి, తలుపు తీసి, సీటు వెనక కార్పెట్ మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కి చూశాను. పొడిగా ఉంది.