రొమ్ము మొత్తం తీసేయాలా?

"మొత్తం తీసేయండి డాక్టరమ్మా, పీడ విరగడైపోతుంది" అనేసింది పిన్ని. డాక్టర్ ప్రిస్క్రిప్షన్ వెనక ఓ గుండ్రం గీసి, లోపల చిన్న చుక్క పెట్టారు. "కేన్సర్ గడ్డ రెండు సెంటీమీటర్లు, ఒక్కచోటే ఉంది. మొత్తం ఎందుకమ్మా?"

ఇలాంటి కేసుల్లో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా బతికే అవకాశం ఒకటేనట. అమెరికా, ఇటలీల్లో 20 ఏళ్లు గమనించిన ఫలితాలు 2002లోనే వచ్చాయి. మా ఇంట్లో మాత్రం ఇవాళే తెలిసింది!

వేర్వేరు చోట్ల గడ్డలు పరుచుకుని ఉన్నా, అక్కడ ఇదివరకే రేడియేషన్ పడినా, మళ్లీ కోసినా తీసిన ముక్క అంచుల్లో కేన్సర్ కనిపిస్తూనే ఉన్నా అప్పుడు మొత్తం తీయడం గురించి మాట్లాడతారట. రొమ్ము కేన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ జన్యు మార్పు ఉన్నవాళ్ల లెక్క వేరు.

కాసేపాగి పిన్ని అసలు సంగతి బయటపెట్టింది. "రేడియేషన్ కోసం వారాల తరబడి రోజూ ఊరి నుంచి ఎలా రాను?" అదీ కారణమే అన్నారు డాక్టర్, చాలామంది అందుకే మొత్తం తీయించుకోవడానికి మొగ్గుతారట. కానీ కేన్సర్ చంక గ్రంథులకు పాకి ఉంటే, మొత్తం తీసినా రేడియేషన్ తప్పకపోవచ్చు. ఇది మాత్రం మేమెవరం ఊహించలేదు.

మా ఇంట్లో ఉండమన్నాను. బాబాయితో మాట్లాడి సోమవారం చెబుతానంది.