వణుకు కంటే ముందే వచ్చిన తడబాటు

పార్కిన్సన్స్ అంటే అందరికీ చేతుల వణుకే గుర్తొస్తుంది, నాకు మాత్రం అది ఆఖరున వచ్చింది. విజయవాడలో మాకు కర్రీ పాయింట్ ఉంది. పదకొండింటికల్లా పప్పు, సాంబారు, వేపుళ్లు, పులుసు అన్నీ దించేయాలి. అలాంటిది కుక్కర్ పెట్టి, చింతపండు నానబెట్టి, ఆ తర్వాత ఏం చేయాలో తెలియక కత్తిపీట ముందు అలాగే కూర్చుండిపోయేదాన్ని. వంటలు మర్చిపోలేదు, ఏ కూర ఎలా చేయాలో అడిగితే గడగడా చెప్పేదాన్ని. ఏది ముందు, ఏది వెనక, ఒకటి ఉడుకుతుంటే ఇంకోదానికి ఎప్పుడు మారాలి, అదే తేలేది కాదు. ఇంట్లో బద్ధకం అన్నారు, ఒక డాక్టరు టెన్షన్ అన్నారు.

కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక చూపించుకున్న న్యూరాలజిస్ట్ చెప్పింది వింటుంటే ఏడుపొచ్చింది. మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట, డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చనిపోతాయట, కదలికల్లో తేడా కనపడేసరికే చాలావరకు పోయి ఉంటాయట. నుదుటి వెనక భాగం పనులను వరుసలో పెట్టాలన్నా, ఒకదాన్నుంచి ఇంకోదానికి మళ్లాలన్నా ఆ డోపమైన్ కావాలి. పనులను ఇలా నడిపించుకునే శక్తినే ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. "ఇది బద్ధకం కాదమ్మా" అన్నారావిడ.

డోపమైన్‌ను నేరుగా ఇస్తే రక్తంలోంచి మెదడులోకి వెళ్లదు, మెదడులోకి వెళ్లాక డోపమైన్‌గా మారే లెవోడోపా అనే మందు వెళ్తుంది, దారిలోనే ఖర్చయిపోకుండా దానికి కార్బిడోపా అనే ఇంకో మందు కలుపుతారు. పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రోటీన్ లెవోడోపాకు అడ్డొస్తుంది కాబట్టి తిండికి అరగంట ముందే వేసుకుంటాను. కొన్ని వారాల్లో వంటగదిలో నా చేతులు మళ్లీ దారిలో పడ్డాయి.

తర్వాత మెదడులో డోపమైన్‌లాగే పనిచేసే ప్రమిపెక్సోల్ అనే మాత్ర కలిపారు. అప్పుడే రాత్రిళ్లు నిద్రపోకుండా ఫోన్లో గిన్నెలు, చీరలు కొనడం మొదలైంది, వద్దనుకున్నా వేలు ఆగేది కాదు. కదలికలకు సరిపోయే మోతాదు, కోరికలను నడిపే భాగాలకు ఎక్కువైపోవచ్చట, ఎందుకంటే అవి ఇంకా అంతగా దెబ్బతిని ఉండవు. డోపమైన్ తక్కువైనా నిర్ణయాలు చెడతాయి, ఎక్కువైనా చెడతాయి. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సిందని నా బాధ. ఈ మాత్ర వేసుకునేవాళ్ల ఇంట్లోవాళ్లు కొనుగోళ్లు, జూదం లాంటివి గమనించి డాక్టరుకు చెప్పాలి, మాత్ర మాత్రం సొంతంగా ఆపకూడదు. నాకు మోతాదు మెల్లగా తగ్గించారు, ఆ పిచ్చి పోయింది.

జబ్బు పోదు. పనుల వరుసను గోడమీద బోర్డులో రాసుకుని ఉదయం వంట నేనే చేస్తున్నాను, మందు ప్రభావం తగ్గే మధ్యాహ్నం పూట మాత్రం పొయ్యి మా కోడలిది.